రేటు ఢిల్లీది, స్తంభం ఇక్కడిది, గోడు ఎవరికీ పట్టనిది

నెల మొదటి వారంలో హైదరాబాద్ గాంధీనగర్ గల్లీల్లోకి కేబుల్ బిల్లు వసూలుకు వచ్చే కుర్రాణ్ణి ఏ గడప దగ్గరైనా ఒకటే ప్రశ్న అడుగుతారు. ‘‘పోయిన్నెల కంటే ఎక్కువెందుకు బాబూ?’’ వాడి జవాబూ ఒకటే. ‘‘పైనుంచి పెంచిన్రమ్మా, నా చేతుల్ల ఏముంది?’’

నిజమే, వాడి చేతుల్లో ఏమీ లేదు. వాడి మీద అరిచి తలుపు వేసుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అరవాల్సింది వాడి మీద కాదు. ఎవరి మీద అరవాలో తెలియకుండా ఇరవై ఏళ్లుగా మనల్ని ఇలా నిలబెట్టినవాళ్లున్నారు. వాళ్ల మీద అరవాలి. అయితే వాళ్లెక్కడున్నారు?

వెతుకుతూ పోదాం. కుర్రాడి పైన లోకల్ ఆపరేటర్. చిక్కడపల్లిలోనో కవాడిగూడలోనో ఒక మడిగె, నాలుగు నిచ్చెనలు, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు, అంతే ఆయన సామ్రాజ్యం. ఆయనకు సిగ్నల్ ఇచ్చేది మల్టీ సిస్టమ్ ఆపరేటర్, అంటే ఎంఎస్‌వో. ఎంఎస్‌వోకు చానళ్లు ఇచ్చేవి ముంబై, చెన్నై, హైదరాబాదుల్లోని ప్రసార సంస్థలు. వీళ్లందరి మధ్య ఎవరు ఎవరికి ఎంతివ్వాలో, మన దగ్గర ఎంత వసూలు చెయ్యాలో రాసేది ఢిల్లీలోని టెలికాం నియంత్రణ సంస్థ, ట్రాయ్. ఇది నిట్టనిలువు వరస. అడ్డంగా ఇంకో వరస ఉంది. తీగ వేలాడే స్తంభం తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థది. తీగ దాటే రోడ్డు మునిసిపల్ కార్పొరేషన్‌ది. బిల్లు మీద 18 శాతం పన్ను జీఎస్టీ మండలిది. ఆపరేటర్ రిజిస్ట్రేషన్ మొన్నమొన్నటి దాకా హెడ్ పోస్టాఫీసులో జరిగేది. 2025 జనవరి నుంచి అది కూడా ఢిల్లీలోని సమాచార, ప్రసార శాఖ ఆన్‌లైన్‌లోకి తీసుకుంది. తెర మీద అభ్యంతరకరమైనది కనిపిస్తే పరికరాలు స్వాధీనం చేసుకునే అధికారం జిల్లా కలెక్టరుకూ పోలీసు కమిషనరుకూ ఉంది.

ఇన్ని చేతులు ఆ ఒక్క నల్ల తీగ మీద ఉన్నాయి. ‘నా బిల్లు ఎందుకు పెరిగింది’ అని అడిగితే మాత్రం జవాబు చెప్పాల్సిన బాధ్యత ఒక్క చేతికీ లేదు.

ట్రాయ్‌కి రాస్తే, విడి విడి వినియోగదారుల ఫిర్యాదులు విచారించడం మా పని కాదంటుంది. చట్టం ప్రకారం అది నిజమే. ఆపరేటర్లకూ సంస్థలకూ మధ్య తగవులు తీర్చే ట్రిబ్యునల్ టీడీశాట్ ఢిల్లీలో ఉంది. విడి వినియోగదారుడి ఫిర్యాదును చట్టం అక్కడికి రానివ్వదు, వినియోగదారుల కమిషన్‌కు పంపుతుంది. నెలకు నలభై రూపాయలు ఎక్కువ తీసుకున్నారని డెబ్బై ఏళ్ల మనిషి రసీదులు మూటగట్టుకుని నాంపల్లి మెట్లెక్కాలి. వాయిదాలకు తిరగాలి. ఆటో ఖర్చే ఏడాది తేడాను మింగేస్తుంది. ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్తే ‘అది సెంట్రల్ సబ్జెక్టండీ’ అని వినయంగా చెప్పి పంపుతారు. ఎంపీ ఆఫీసుకు వెళ్తే ‘ట్రాయ్ స్వతంత్ర సంస్థ కదా’ అని అంతకంటే వినయంగా చెబుతారు. గాంధీనగర్ ఉన్నది సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో. ఆ స్థానం ఎంపీ ఇప్పుడు కేంద్ర మంత్రివర్గంలోనే ఉన్నారు. అయినా మా గల్లీకీ ఢిల్లీకీ మధ్య దూరం అంగుళం తగ్గలేదు.

ఈ దూరం ఎలా ఏర్పడిందో చెప్పాలి. ఎందుకంటే ఇది దేవుడు గీసిన గీత కాదు, మనుషులు గీసింది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 31వ పద్దు తపాలా, టెలిఫోన్లు, ప్రసారాలను కేంద్రానికి రాసిచ్చింది. రాష్ట్ర జాబితా 33వ పద్దు నాటకశాలలను, సినిమా హాళ్లను రాష్ట్రాలకిచ్చింది. ఈ రెండు పద్దుల మధ్య ఎంత తేడా ఉందో చూడాలంటే మా ఇంటి నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడిస్తే చాలు. అక్కడ సంధ్య, సుదర్శన్, దేవి హాళ్లలో టికెట్ ఎంత ఉండాలో రాష్ట్ర హోంశాఖ చెబుతుంది. 2021 డిసెంబరు 21న వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ హాలులో టికెట్ కనిష్ఠం 50, గరిష్ఠం 150. మల్టీప్లెక్సులో 100 నుంచి 250. పెద్ద హీరో సినిమా వస్తే పెంపు కోసం నిర్మాతలు సచివాలయం గుమ్మం ఎక్కుతారు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయాక, ప్రత్యేక షోల మీద, టికెట్ల పెంపు మీద సాక్షాత్తూ ముఖ్యమంత్రే శాసనసభలో మాట్లాడారు. ఆ తర్వాత పెంపులు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం, హైకోర్టులో పిటిషన్లు, టీవీల్లో చర్చలు అన్నీ జరిగాయి. సినిమా టికెట్ మనిషి ఏడాదికి నాలుగుసార్లు కొనుక్కుంటాడో లేదో. దాని మీద శాసనసభ మాట్లాడుతుంది, హైకోర్టు మాట్లాడుతుంది, మంత్రులు మాట్లాడతారు. ఏడాదిలో పన్నెండు నెలలూ తప్పకుండా కట్టే కేబుల్ బిల్లు మీద మాట్లాడిన నోరు ఒక్కటి చూపించండి.

మొదట్లో ఈ రేటు ఎవరి అదుపులోనూ లేదు. తొంభైల మొదట్లో మేడ మీద డిష్ పెట్టి గల్లీ అంతా తీగలు లాగినవాడే రేటు చెప్పేవాడు. 1994లో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చాయి. ఆ చట్టం రిజిస్ట్రేషన్ గురించి, దూరదర్శన్‌ను తప్పనిసరిగా చూపించడం గురించి, ఏమి చూపించకూడదో దాని గురించి చెప్పింది. ఇంటివాడు ఎంత కట్టాలో చెప్పలేదు. తర్వాత 2004 జనవరి 9న కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో ప్రసార సేవలను టెలికాం సేవల్లో కలిపేసి ట్రాయ్ చేతికిచ్చింది. అక్కడ రాష్ట్రాల తలుపు మూసుకుంది. ట్రాయ్ మొదటి పనిగా 2003 డిసెంబరు 26న ఎంత రేటు ఉందో అంతే ఉండాలని స్తంభింపజేసింది. ఆ రోజు ఎంత కట్టామో రుజువు చెయ్యడానికి రసీదు దాచుకున్న ఇళ్లు ఎన్నుంటాయి? అసలు రసీదు ఇచ్చిన ఆపరేటర్లు ఎందరుంటారు? కాగితం మీద రేటు స్తంభించింది. గల్లీలో ఎప్పటిలాగే నడిచింది.

హైదరాబాద్ డిజిటల్ కావడానికి 2013 మార్చి 31 గడువు పెట్టారు. దేశం మొత్తంలో రెండో విడతకు ఎంపిక చేసిన 38 నగరాల్లో మనదీ, విశాఖపట్నమూ ఉన్నాయి. సెట్ టాప్ బాక్సు పెట్టకపోతే తెర నల్లబడుతుందన్నారు, కొన్నాం. అప్పుడు మనకు చెప్పిన మాట గుర్తుందా? ‘మీకు కావలసిందే చూడండి, చూసినదానికే కట్టండి’ అన్నారు. ఆ మాట నిలబెడతామంటూ 2017 మార్చి 3న ట్రాయ్ కొత్త టారిఫ్ ఉత్తర్వు తెచ్చింది. ఒక పెద్ద ప్రసార సంస్థ మద్రాసు హైకోర్టులో సవాలు చేసింది. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ పక్షాన నిలిచింది. 2019 ఫిబ్రవరి నుంచి కొత్త లెక్క మొదలైంది.

ఆ లెక్క ఎలా ఉండేదో కాగితం మీద వేసి చూద్దాం. తీగ మన ఇంటికి వచ్చినందుకు నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు 130. దాని మీద పన్ను 23.40. మొత్తం 153.40. ఇందులో ఒక్క పే చానల్ కూడా లేదు. ఆ పైన చానళ్ల ధర వేరు. బొకేలో, అంటే చానళ్ల గుత్తిలో కలిసే చానల్‌కు ట్రాయ్ పెట్టిన గరిష్ఠ ధర 19 రూపాయలు. ఆ గీత గీసీ గీయకముందే పెద్ద వినోద చానళ్లు పరిగెత్తుకొచ్చి గీత మీదే కూర్చున్నాయి. సీరియళ్లకూ సినిమాలకూ 19 రూపాయల చానళ్లు నాలుగు విడిగా తీసుకుంటే 76, పన్నుతో 89.68. మొత్తం 243.08. క్రికెట్ లేదు, పిల్లల చానల్ లేదు. ఇక బొకేలు చూస్తే, విడిగా కొన్న చానళ్ల మొత్తం ధర కంటే 70 శాతం దాకా తగ్గించి అమ్ముతున్నారని ట్రాయే తన కాగితాల్లో రాసుకుంది. అంత తగ్గింపు ఇవ్వగలిగితే విడి ధర ఎందుకంత పెట్టారు? ఎవరూ విడిగా కొనకూడదని. కావలసిన నాలుగు చానళ్లతో అక్కర్లేని పదహారు అంటగట్టడానికి. ఆ సంగతి ట్రాయ్‌కి తెలుసు. తెలిసే 2020 జనవరి 1న ఆ గరిష్ఠాన్ని 12కు దించింది. సంస్థలు కోర్టుకెళ్లాయి. బొంబాయి హైకోర్టు 2021 జూన్ 30న ఉత్తర్వులో చాలా భాగాన్ని సమర్థించింది. అప్పుడు సంస్థలు తమ ముఖ్యమైన చానళ్లను బొకేల్లోంచి పీకి, విడిగా 12 కంటే ఎక్కువ ధర పెడతామని ప్రకటించాయి. చివరికి ఏమైంది? 2022 నవంబరు 22న ట్రాయ్ మళ్లీ 19కి వచ్చి ఆగింది. అప్పటి మార్పులకు ఒప్పుకోని కేబుల్ సంస్థలకు 2023 ఫిబ్రవరిలో పెద్ద ప్రసార సంస్థలు సిగ్నల్ కోసేశాయి. అనేక ఇళ్లలో సీరియల్ మధ్యలో తెర ఆగిపోయింది. ఎవరు ఎవరి మెడ మీద కత్తి పెట్టారో తెలుసుకోవడానికి కూడా మన గల్లీలో మార్గం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2024 జూలై 8న ట్రాయ్ నెట్‌వర్క్ ఫీజు మీదున్న గరిష్ఠ పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. అంతకుముందు 200 చానళ్లకు 130, అంతకు మించితే 160 అన్న గీత ఉండేది. ఇంట్లో రెండో టీవీకి అందులో 40 శాతం మించకూడదన్న గీత ఉండేది. ఇప్పుడు గీతల్లేవు. ప్రాంతాన్ని బట్టి, వినియోగదారుణ్ణి బట్టి సంస్థలే ఫీజు పెట్టుకోవచ్చు, ప్రకటించి ట్రాయ్‌కి తెలియజేస్తే చాలు. మార్కెట్లో పోటీ ఉంది కనుక మార్కెట్టే చూసుకుంటుందన్నది దీని వెనకున్న నమ్మకం.

ఆలోచించండి. 2004లో ధర మీద అధికారాన్ని ఢిల్లీ గంపగుత్తగా తీసుకుంది. రాష్ట్రం దాన్ని ముట్టుకోరాదంది. ఇరవై ఏళ్ల తర్వాత ‘నేను ధర చెప్పను’ అంది. సరే, చెప్పకపోతే ఆ అధికారం తిరిగి ఇచ్చిందా? లేదు. తన దగ్గరే ఉంచుకుంది. పొయ్యి తన ఇంట్లో పెట్టుకుని, వంట మానేసి, పక్కింటివాడు అగ్గిపుల్ల గీస్తే నేరమన్నట్టుంది వ్యవహారం. నియంత్రించేవాడు నియంత్రించడు, నియంత్రించాలనుకునేవాడికి హక్కు లేదు. మధ్యలో ఉన్నవాళ్ల పేరు ‘వినియోగదారులు’.

ఢిల్లీని తిట్టి ఇక్కడివాళ్లను వదిలేస్తే అది సగం నిజమే అవుతుంది. రాష్ట్రాలకు కేబుల్ మీద అధికారం లేదన్నది ధర విషయంలో మాత్రమే గుర్తొచ్చే నీతి. 2014 జూన్ 16 నుంచి తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు కేబుల్ తెరల మీద నుంచి మాయమయ్యాయి. అది మా సొంత నిర్ణయమేనని ఎంఎస్‌వోలు చెప్పారు. నమ్మినవాళ్లు నమ్మారు. ఏబీఎన్ తిరిగి రావడానికి నెలలు పట్టింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్‌లో టీవీ5 ఆగిపోతే వివాదం టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో అక్కడ ప్రభుత్వం మారిన కొద్దిరోజులకే ఇంకొన్ని చానళ్లు తెర మీద లేకుండా పోయాయి. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. పార్టీ ఏదైనా కావచ్చు, కేబుల్ వాళ్లకు ఒక్క ఫోన్ కాల్ చాలన్న అభిప్రాయం జనంలో ఊరికే పుట్టలేదు. చానల్ ఆగడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు. ధర అడగమంటే మాత్రం ‘సెంట్రల్ సబ్జెక్టు’.

ఇక స్తంభాల సంగతి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ ప్రాణాలకు ఎవరు జవాబుదారీ అన్నది తేలకముందే స్తంభాల మీది తీగలు కోయమన్నారు. కోశారు. నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్, కేబుల్ ఆగిపోయాయి. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. అనుమతి లేని తీగలు తియ్యాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. గాంధీనగర్ మలుపుల్లో తలకు తగిలేలా వేలాడే తీగల గుత్తులు చూసినవాళ్లెవరికీ ఉండదు. అయితే ఇన్నేళ్లు ఆ తీగలు ఎవరి కళ్ల ముందు వేలాడాయి? స్తంభం ఎవరిది? తీగ తియ్యడం, మళ్లీ వెయ్యడం, స్తంభానికి అద్దె, భూగర్భంలో వేస్తే తవ్వకం ఫీజు, ఈ ఖర్చులన్నీ చివరికి ఎవరి బిల్లులో చేరతాయి? ఫీజు మీద గరిష్ఠ పరిమితి లేదు కదా, చేర్చుకోవడానికి అడ్డేముంది? రాష్ట్రం స్తంభం దగ్గర ఒక ఖర్చు పెంచితే ఢిల్లీ దాన్ని మన నెత్తిన వెయ్యడానికి తలుపు తెరిచి పెట్టింది. ఇద్దరి మధ్య మాట పొందిక లేకున్నా పని పొందిక మాత్రం చక్కగా కుదిరింది.

‘ఇష్టం లేకపోతే తీసేయండి, ఓటీటీ చూసుకోండి’ అనే మహానుభావులున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆ పని ఎప్పుడో చేశారు. వాళ్లకు ఫోనే టీవీ. జీతాలున్న ఇళ్లు బ్రాడ్‌బ్యాండ్‌కు మారాయి. మరి తీగ పట్టుకుని ఎవరు మిగిలారు? అమెరికాలో పిల్లలున్న రిటైర్డు దంపతులు. వీడియో కాల్ తియ్యడం నేర్చుకున్నారు గానీ పాస్‌వర్డులు, కార్డు నంబర్లు, ఓటీపీలు అంటే భయపడే పెద్దవాళ్లు. సెల్లార్‌లో చిన్న గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం. గల్లా పక్కన పాత టీవీ పెట్టుకున్న కిరాణా కొట్టాయన. పొద్దున భక్తి చానల్, సాయంత్రం సీరియల్ తప్ప ఇంకో తోడు లేని ఒంటరి ఆడవాళ్లు. ‘పోటీ ఉంది’ అని ట్రాయ్ అన్నప్పుడు ఆ పోటీ వీళ్ల కోసం లేదు. మారగలిగినవాళ్లంతా మారిపోయారు. మారలేనివాళ్ల మీదే ఇప్పుడు గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. వీళ్లు ధర్నాచౌక్‌కు రారు, ట్వీట్ చెయ్యరు, నంబరు తిప్పితే ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే గొంతుకు విసిగి పెట్టేస్తారు. అందుకే వీళ్ల గోడు ఎవరికీ వినపడదు. వినపడదు కనుక లేదనుకుంటారు.

లోకల్ ఆపరేటర్‌ను దొంగను చేసి చేతులు దులుపుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. రసీదు ఇవ్వనివాళ్లు ఉన్నారు, వాళ్లను వెనకేసుకురాను. కానీ పాత 130 రూపాయల ఫీజులో, వేరే ఒప్పందం లేకపోతే, ఎంఎస్‌వోకు 55 శాతం, ఆపరేటర్‌కు 45 శాతం అని నిబంధన. అంటే ఇంటికి 58.50. అందులోంచే తీగ, మనుషులు, వర్షంలో స్తంభం ఎక్కేవాడి కూలి. ఇళ్లు తగ్గుతుంటే ఆయనా మునుగుతున్నాడు. ముంచేవాడూ మునిగేవాడూ ఒకే గల్లీలో ఎదురెదురుగా నిలబడి తిట్టుకుంటుంటే, నిబంధన రాసినవాళ్లు ప్రశాంతంగా మరో సంప్రదింపు పత్రం రాసుకుంటున్నారు.

వేరే దారి లేదనుకోకండి. తమిళనాడులో అరసు కేబుల్ సంస్థ 2007లో పుట్టింది. 2011 సెప్టెంబరులో జయలలిత ప్రభుత్వం దాన్ని మళ్లీ నిలబెట్టి నెలకు 70 రూపాయలకు కేబుల్ ఇచ్చింది. ప్రభుత్వాలు ఈ వ్యాపారంలోకి రాకూడదని ట్రాయ్ సిఫారసులు చేస్తున్న కాలంలోనే, డిజిటల్ లైసెన్సు కోసం ఏళ్ల తరబడి ఢిల్లీతో పోరాడి 2017లో సంపాదించుకుంది. రాజకీయ నాయకుల చేతిలో తీగ పెట్టడంలో ప్రమాదం ఉంది, మాయమైన చానళ్ల కథ ఇప్పుడే చెప్పాను. అయినా ఒక రాష్ట్రం ‘నా జనం బిల్లు నా విషయం’ అని నిలబడితే ఎంత దూరం పోగలదో వాళ్లు చూపించారు. ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరులో 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోను, 250 చానళ్లు అంటూ ఫైబర్‌నెట్ ప్రారంభించింది. దాని తర్వాతి నడక ఎలా ఉన్నా, ధర గురించి రాష్ట్రం మాట్లాడవచ్చని ఒప్పుకున్నట్టే కదా.

మార్కెట్ మతాన్ని ప్రపంచానికి నేర్పిన అమెరికా సంగతీ చూడండి. 1984లో అక్కడ కేబుల్ రేట్లను వదిలేశారు. బిల్లులు ఎగబాకాయి. జనం గోల పెట్టారు. 1992లో వాళ్ల కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. అధ్యక్షుడు పెద్ద బుష్ వీటో చేస్తే, ఆ వీటోనూ తోసి అక్టోబరు 5న చట్టం చేసి చూపించింది. ఆయన నాలుగేళ్ల పాలనలో కాంగ్రెస్ తోసేసిన వీటో అదొక్కటే. కేబుల్ బిల్లు కోసం! ఆ చట్టం ప్రాథమిక చానళ్ల రేటును ఊరి పాలక సంస్థ చూసుకునేలా, అది పాటించాల్సిన సూత్రాన్ని ఫెడరల్ కమిషన్ రాసేలా పని పంచింది. సూత్రం కేంద్రానిది, చెవి ఊరిది. తర్వాత కాలంలో వాళ్లూ చాలావరకు సడలించుకున్నారు, అది వేరే కథ. కానీ ‘మా ఊళ్లో ఎక్కువ తీసుకుంటున్నారు’ అని ఊరివాళ్లు ఊళ్లోనే చెప్పుకోవచ్చునన్న ఆలోచన అక్కడ చట్టంలోకి ఎక్కింది. మనకు ఆ ఆలోచనే రాలేదు.

రానిది తెలివి లేక కాదు. సమాచార, ప్రసార శాఖ కుర్చీలో తెలుగువాళ్లు కూర్చోలేదా? ఉపేంద్ర గారు కూర్చున్నారు. జైపాల్ రెడ్డి గారు రెండుసార్లు కూర్చున్నారు, అందులో రెండోసారి 2004లోనే, అంటే ట్రాయ్ చేతికి పగ్గాలు వెళ్లిన ఏడాదిలోనే. 2017లో కొత్త టారిఫ్ వచ్చినప్పుడు ఆ కుర్చీ వెంకయ్యనాయుడు గారిది. పెద్దవాళ్లు, మంచి వక్తలు. తెలుగు ఇంటివాడి కేబుల్ బిల్లుకు తెలుగు ఊళ్లో ఒక వినికిడి ఉండాలని మాత్రం ఎవరూ చట్టంలో రాయించలేదు.

మేము కోరేది ఆకాశంలోని చుక్కల్ని కాదు. ట్రాయ్ ప్రాథమిక ఫీజు మీద గరిష్ఠ పరిమితిని తిరిగి పెట్టాలి. వద్దనుకుంటే, పెట్టుకునే హక్కు రాష్ట్రానికైనా ఇవ్వాలి. రెండూ కాదనడం పాలన కాదు, మొండితనం. చట్టం కలెక్టరునూ పోలీసు కమిషనరునూ ఇప్పటికే అధీకృత అధికారులని పిలుస్తోంది. పరికరాలు జప్తు చెయ్యడానికి పనికొచ్చే అధికారి రసీదు లేని వసూలును ప్రశ్నించడానికి ఎందుకు పనికిరాడు? ఆ బాధ్యత కూడా చట్టంలోనే రాయండి. ప్రతి చానల్ ధర తెర మీది జాబితాలో కనపడాలని, వినియోగదారుల సమాచారం 999వ నంబరు చానల్‌లో ఉండాలని నిబంధన ఉంది. ఆ నిబంధన మా గల్లీల్లో అమలవుతోందా అని ఒక్క అధికారి ఒక్క ఇంట్లో రిమోట్ పట్టుకుని చూడమనండి. ధరల పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, బిల్లు వెనక అచ్చు వేయించండి. రేట్లు మార్చేముందు ట్రాయ్ పెట్టే బహిరంగ చర్చ ఒకటి త్యాగరాయ గానసభలో పెట్టండి. హాలు మేమే నింపుతాం. రాష్ట్రం స్తంభాల అద్దె ఎంతో బహిరంగంగా ప్రకటించాలి, అది ప్రేక్షకుడి బిల్లులోకి ఎంత చేరుతుందో లెక్క చూపాలి. శాసనసభ ఒక్క గంట ఈ విషయానికి కేటాయించి, ఒక తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలి. సినిమా టికెట్‌కు దొరికిన సమయంలో పదో వంతు చాలు.

ఇదేదీ చెయ్యలేమంటారా? సరే, ఇంకొక్కటి అడుగుతాం, దానికి ఖర్చు కూడా లేదు. ముషీరాబాద్ ఎమ్మెల్యే గారూ, సికింద్రాబాద్ ఎంపీ గారూ, జిల్లా కలెక్టరు గారూ, విద్యుత్ సంస్థ వారూ, ఢిల్లీలోని ట్రాయ్ పెద్దలూ! మా కేబుల్ బిల్లు మీ బాధ్యత అయితే ఆ మాట చెప్పండి. కాకపోతే ‘ఇది మా పని కాదు’ అని తలా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాట వద్దు, నోటిమాటలు ఇరవై ఏళ్లుగా విన్నాం. ఆ కాగితాలన్నీ ఒకచోట కుట్టి హైకోర్టు ముందు పెట్టి ఒకే ఒక్కటి అడుగుతాం. ప్రతి నెలా పన్ను తీసుకునే రాజ్యంలో, తన బిల్లు గురించి అడిగే మనిషికి జవాబు చెప్పాల్సినవాడు ఒక్కడైనా ఉండాలా, వద్దా?